కొత్త క్లచ్‌కి ఎనిమిది వందల కిలోమీటర్లు

షెడ్డు మూసేసి రెండేళ్ళయింది. అయినా అరకు చుట్టుపక్కల గూడేల నుంచి ఐటీఐ చదివిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. అరుగు మీద కూర్చుని ఫోన్లో వీడియోలు చూపించి, "ఇలాగేనా మాస్టారూ బిగించడం?" అని అడుగుతారు. చాలావరకు అలాగే. బోల్టు ఎటు తిప్పాలో చెప్పడానికి నేను అక్కర్లేదు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. వాళ్ళ ముఖాలు చూసి చెప్పలేక, టీ ఇచ్చి పంపించేస్తాను. అందుకే రాస్తున్నాను.

నా పేరు దానియేలు. ముప్పై ఎనిమిదేళ్ళు బళ్ళు బాగు చేశాను. అందులో ఎక్కువ భాగం క్లచ్ పనే. కొండ ప్రాంతంలో మెకానిక్‌కి అన్నం పెట్టేది క్లచ్చే. కింద శృంగవరపుకోటలో లక్ష కిలోమీటర్లు వచ్చే క్లచ్ ప్లేటు, ఇక్కడ మలుపుల్లో సగానికి సగం కూడా రాదు. ఎక్కేటప్పుడు భయపడి, పెడల్ సగం తొక్కిపెట్టి హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే డ్రైవర్ అయితే అదీ రాదు.

ముందే ఒక మాట. పాత ప్లేటు విప్పినప్పుడు లోపల నల్లటి పొడి ఉంటుంది. మేం దాన్ని గాలి కొట్టి ఊదేసేవాళ్ళం. ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోలేదు. ఇప్పుడు నేను చర్చి మెట్లెక్కి తలుపు దగ్గర ఆగి, దగ్గు తగ్గాక లోపలికి వెళ్తాను. మీరు తడిగుడ్డతో తుడవండి. ఈ రాసినదాంట్లో నేను నమ్మకంగా ఇవ్వగల సలహా బహుశా ఇదొక్కటే.

ఉస్తాద్

పని నేర్చుకున్నది విశాఖపట్నంలో, మస్తాన్ గారి దగ్గర. ఆయన మనిషి చిన్న, గొంతు పెద్ద. తిట్టనిదే పని చెప్పేవాడు కాదు. కానీ క్లచ్ ప్లేటు చేతిలోకి తీసుకునేటప్పుడు మాత్రం మాట ఆపేసేవాడు. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, ఉతికిన గుడ్డతో తుడుచుకుని, అప్పుడు ప్లేటు అంచులు పట్టుకునేవాడు.

ఒకసారి నేను కొత్త ప్లేటు పెట్టె విప్పి, గ్రీజు వేలు దాని ముఖం మీద పెట్టాను. చిన్న మరక. పెట్రోలుతో తుడిచేస్తానన్నాను. మస్తాన్ గారు ఆ ప్లేటు నా చేతిలోంచి లాక్కుని, నేల మీద పడేసి, కాలితో తొక్కారు.

"తుడిస్తే పైకి పోతుందిరా. లోపలికి పీల్చుకున్నది పోతుందా? ఘాట్ మధ్యలో జారితే అందులో కూర్చున్నోడికి నువ్వు కనిపిస్తావా? నీ వేలు కనిపిస్తుందా?"

ఆయన చెడ్డ యజమాని. జ్వరమొచ్చినా సెలవివ్వలేదు. సరిగ్గా నేర్పించింది మాత్రం ఆయనొక్కడే. తరవాత నేను పనిచేసిన ఇద్దరు యజమానులు మంచివాళ్ళు. పండక్కి బట్టలు పెట్టేవారు, పేరు పెట్టి పిలిచేవారు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నదేమీ లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో నాకు దొరకలేదు.

రమణ కాలు

అరకులో సొంత షెడ్డు పెట్టిన కొన్నేళ్ళకి బలమైన బళ్ళు రావడం మొదలైంది. కంపెనీ ఇచ్చిన ఇంజిను చాలదని, కంప్యూటర్ పెట్టి దాని శక్తి పెంచించుకుని వచ్చేవారు. ఇంజినుకి బలం పెరిగితే క్లచ్‌కి ఆ సంగతి తెలియదు. అది పాత బలానికే తయారైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిను అరుస్తుంది, బండి కదలదు, కాలిన వాసన వస్తుంది. అప్పుడు గట్టి క్లచ్ వేయాలి. ప్లేటుని నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటు స్ప్రింగు బిరుసుగా ఉంటుంది, ప్లేటు మీద మామూలు సరుకు కాకుండా వేడికి తట్టుకునే సరుకు అతికిస్తారు. పెడల్ తొక్కితే ఎడమ తొడ పట్టేస్తుంది.

ఇలాంటి క్లచ్ బిగించడంతో పని అయిపోదు. సగమే అయినట్టు. ప్లేటు ముఖం, దానికి ఎదురుగా ఇంజినుతో పాటు తిరిగే ఇనుప చక్రం, ఫ్లైవీలు ముఖం, కంటికి నున్నగా కనిపించినా నిజానికి అక్కడక్కడే తగులుతుంటాయి. మెల్లగా వదులుతూ, మెల్లగా పట్టిస్తూ, వందల సార్లు బండిని కదిలించి ఆపితే ఒకదానికొకటి అరిగి మొత్తం ముఖం కలుస్తుంది. అప్పటిదాకా బరువు వేయకూడదు, ఘాటీ ఎక్కించకూడదు, ఇంజినుని అరిపించకూడదు. మేం దీన్ని 'సెట్ చేయడం' అంటాం. ముందే వేడెక్కిస్తే ప్లేటు ముఖం గాజులా మెరుపు పడుతుంది. ఆ మెరుపు పడ్డాక దానికి పట్టు రాదు.

ఇదంతా నాకు తెలిసే, ఒక కాంట్రాక్టరు బండి బిగించిన రోజునే ఇచ్చేశాను. ఆయన కూతురు నిశ్చితార్థమని తొందరపెట్టాడు. "దానియేలూ, నెమ్మదిగానే ఎల్తాడులే మావోడు, నువ్వు కంగారు పడకు," అన్నాడు. మావోడు అంటే రమణ, ఆయన డ్రైవరు. రమణకి నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. అతను తలూపాడు. వెనక సీట్లలో ఆరుగురు, పైన సామాను. అనంతగిరి ఘాటీలో తిరిగి వచ్చేటప్పుడు క్లచ్ వదిలేసింది. ఎక్కుడులో బండి ఆగిపోయింది. గేర్లో పెట్టి ఇంజిను ఆపినా, పట్టు పోయిన క్లచ్ బండిని నిలబెట్టలేదు. చేతి బ్రేకు అంతంత మాత్రం. రమణ దిగి వెనక చక్రం కింద రాయి పెట్టబోయాడు. బండి వెనక్కి వచ్చి అతని కాలు మీద నిలిచింది.

మోకాలి కింద తీసేశారు. ఆసుపత్రిలో నన్ను చూసి అతను మొహం తిప్పుకోలేదు. తిప్పుకుని ఉంటే బాగుండేది. "నీ తప్పేటుంది దానియేలన్నా, నువ్వు సెప్పినావు గదా," అన్నాడు. చెప్పడం వేరు, తాళం ఇవ్వకపోవడం వేరు. నేను తాళం ఇచ్చాను.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. గట్టి క్లచ్ వేసిన ఏ బండీ ఎనిమిది వందల కిలోమీటర్లు నేనే నడిపితే తప్ప యజమాని చేతికి వెళ్ళదు. తాళం నా జేబులో ఉంటుంది. కలెక్టరొచ్చినా ఇవ్వను. కొందరు బండి తీసుకుని వేరే చోటికి పోయారు. పోనిచ్చాను. ఈ నియమం వల్ల నాకు పేరొచ్చింది. దానియేలు బిగిస్తే ఇక విప్పక్కర్లేదని పాడేరు దాకా అనేవారు. ఆ మాట వినడం నాకు బాగుండేది. దాచడం ఎందుకు, చాలా బాగుండేది.

సిస్టర్ గారి బండి

మా వైపు మిషన్ వాళ్ళ చిన్న వైద్యశాల ఒకటి ఉండేది. సిస్టర్ ఫిలోమినా గారు దాన్ని నడిపేవారు. ఆవిడకి నగరంలో ఎవరో ఒక పెద్ద బండి దానం చేశారు. నాలుగు చక్రాలూ లాగే బండి. దానం చేసినాయన దాన్ని బురదలో, రాళ్ళల్లో జరిగే పోటీలకి వాడేవాడట. ఇంజిను పెంచి, చక్రాలు పెద్దవి వేసి, కింద ఇనుప పలకలు కొట్టించాడు. సిస్టర్ గారు వెనక సీట్లు తీసేసి ఒక మంచం పెట్టించారు.

వానాకాలంలో పైగూడేలకి వెళ్ళగలిగిన బండి మా ప్రాంతంలో అదొక్కటే. జీపులు సగంలో ఆగిపోయే చోటుకి అది బురద చిమ్ముకుంటూ వెళ్ళిపోయేది. దాని డ్రైవరు సింహాద్రి, మా చర్చి మనిషే, నన్ను మావా అని పిలుస్తాడు. ఆ బండిలో ఎంతమంది గర్భిణీలు కిందికి దిగారో, ఎంతమంది బిడ్డల్ని ఒళ్ళో పెట్టుకుని అదే బండిలో పైకి వెళ్ళారో సింహాద్రికే తెలుసు.

కానీ ఇంజిను బలానికి మామూలు క్లచ్ ఆగలేదు. ఏడాదిలో రెండుసార్లు కాలిపోయింది. చివరికి దానం చేసిన ఆయనే, పోటీ బళ్ళకి వేసే క్లచ్ సెట్టు పార్సిల్ పంపాడు. పెట్టె విప్పిన రోజు నేను పిల్లాడిలా సంబరపడ్డాను. అంత మంచి సరుకు నా చేతిలోకి అంతకు ముందు రాలేదు.

నా జీవితంలో అన్నిటికంటే బాగా చేసిన పని అది. గేర్ బాక్సు దింపి, ఫ్లైవీలు విప్పి చూస్తే దాని ముఖం మీద నీలంరంగు మచ్చలు, సన్నని పగుళ్ళు. దాన్ని గోనెలో చుట్టుకుని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని విశాఖపట్నం తీసుకెళ్ళాను. సొరంగాల్లో చీకటి పడినప్పుడల్లా దాని మీద చెయ్యి వేసి ఉంచాను. లేత్ మిషను దగ్గర కూర్చుని, నా కళ్ళ ముందే ముఖం సన్నగా చెక్కించుకుని, మర్నాడు వెనక్కి తెచ్చాను. చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. షాఫ్టు గాట్లకి గ్రీజు కందిగింజంత పూసి, మిగిలింది తుడిచేశాను. ప్లేటుని సరిగ్గా మధ్యకి తెచ్చి, బోల్టులు ఒకదానికి ఎదురుగా ఒకటి, కొంచెం కొంచెంగా బిగిస్తూ వచ్చాను. ఒకేసారి ఒకవైపు బిగిస్తే ప్రెజర్ ప్లేటు వంకరపోతుంది. చివర్న సింహాద్రి పెడల్ తొక్కుతుంటే కింద పడుకుని పైపుల్లో ఎయిర్ తీశాను.

"ఏటి మావా ఇది, తొక్కితే కాలు ఇరిగిపోయీలాగున్నాది!" అన్నాడు సింహాద్రి.

"అలవాటైపోద్ది. పది రోజులాగు."

సిస్టర్ గారు వచ్చి చూశారు. ఎనిమిది వందల కిలోమీటర్ల సంగతి వివరంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. యంత్రాల సంగతి తనకి తెలియదని ఆవిడే అనేవారు. "మీరెలా అంటే అలాగే దానియేలు గారూ. పది రోజులు మేం ఎలాగో సర్దుకుంటాం," అన్నారు. తాళం నా జేబులో పెట్టుకున్నాను.

అయిదో రోజు

సెట్ చేయడానికి సంత రోజు మంచిది. జనం అడ్డం వస్తుంటారు, పసుపు మూటలతో ఆడవాళ్ళు దాటుతుంటారు, మేకలు నిలబడిపోతాయి. ఆగాలి, కదలాలి, ఆగాలి, కదలాలి. సరిగ్గా క్లచ్‌కి కావలసింది అదే. మొదటి రెండు రోజులూ బండి కదిలేటప్పుడు వణికింది. మూడో రోజుకి వణుకు తగ్గింది. నాలుగో రోజు సాయంత్రానికి రెండు వందల తొంభై కిలోమీటర్లు అయ్యాయి. పెడల్ వదులుతుంటే అది పట్టుకునే చోటు నా పాదానికి తెలిసిపోయేది.

అయిదో రోజు పొద్దున్న, ఏడున్నర ప్రాంతంలో, వానలో తడిసి సింహాద్రి షెడ్డుకి వచ్చాడు.

"మావా, పనసగుమ్మి నుంచి ఫోనొచ్చినాది. గాసి పెళ్ళానికి నొప్పులట. రాత్రి కాడ్నించీ పడతన్నాదట, బిడ్డ అడ్డం తిరిగీసిందని మంత్రసాని సెప్తన్నాది. బేగి ఎల్లాల. తాళమియ్యి."

పనసగుమ్మి అంటే అరకు నుంచి మెయిన్ రోడ్డు మీద జంక్షన్ దాకా పద్నాలుగు కిలోమీటర్లు, అక్కడి నుంచి కొండ మీదకి తొమ్మిది కిలోమీటర్ల మట్టిదారి. నిట్టనిలువు. వానలో ఆ దారి ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను తాళం ఇవ్వలేదు. "సిస్టర్ గారితో మాట్లాడనీ," అన్నాను. ఈలోగా ఆవిడే ఫోన్ చేశారు.

"దానియేలు గారూ, విన్నారు కదా. బండి వెళ్తుందా?"

"ఇప్పుడు ఆ దారి ఎక్కితే ప్లేటు పాడైపోద్ది సిస్టర్ గారూ. ఇంకా అయిదొందల కిలోమీటర్లుండాలి."



"సరే అయితే. వేరే ఏదైనా చూస్తాను," అని పెట్టేశారు.

ఆ మాటలు అన్నవి అన్నట్టే నాకు గుర్తున్నాయి. ఆవిడ అడిగింది వెళ్తుందా అని. నేను చెప్పింది పాడవుతుందని. ఈ రెండూ ఒకటి కావు. వెళ్తుందా అన్నదానికి జవాబు నాకు తెలుసు. నాలుగు రోజులుగా నా పాదం కింద ఉన్న క్లచ్ అది. వెళ్ళేది. ఒకటి రెండు చోట్ల వేడెక్కేదేమో, దాని ఆయుష్షులో కొంత పోయేదేమో. మహా అయితే మళ్ళీ విప్పి కొత్తది వేయాల్సి వచ్చేది. కానీ ఆ ఒక్క రోజుకి వెళ్ళేది.

రమణ కాలు గుర్తొచ్చి భయపడ్డానని చాలాకాలం చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. అదొక్కటే నిజం కూడా కాదు. ఆ ప్లేటంటే నాకు మోజు. నా చేత్తో చేసిన ఆ పని చెడకూడదు. నియమం తప్పాడని నన్ను ఎవరూ అనకూడదు. ఆ పొద్దున్న నా మనసులో ఉన్నవి ఇవి. గాసి పెళ్ళాం అందులో లేదు. ఆమె పేరు కూడా నేను అడగలేదు.

సింహాద్రి నా జేబు వంక చూశాడు. వానలోకి వెళ్ళిపోయాడు.

తరవాత తెలిసింది. అంబులెన్సు అంతకు ముందే వేరే కేసుతో పాడేరు వెళ్ళిపోయింది. ఇద్దరు జీపులవాళ్ళని సిస్టర్ గారు అడిగితే, ఆ దారి ఎక్కలేమన్నారు. వాళ్ళు అన్నది నిజం. చివరికి గూడెం వాళ్ళు వెదురుబొంగుకి దుప్పటి కట్టి డోలీలో ఆమెను మోసుకుంటూ దిగడం మొదలుపెట్టారు.

ఆ పూట నేనేం చేశానో కూడా రాయాలి. తొమ్మిది గంటలకి బండి తీశాను. డుంబ్రిగూడ వైపు మెల్లగా నడిపాను. ఆపుతూ, కదిలిస్తూ. క్లచ్ ఎంత బాగా కుదురుకుంటోందో అని సంతోషపడ్డాను. అవును, సంతోషపడ్డాను. ఒక కొట్టు దగ్గర ఆగి టీ తాగాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఖాళీ బండితో తిరిగొస్తూ జంక్షన్ దగ్గరికి చేరేసరికి రోడ్డు పక్కన డోలీ దించి ఉంది. నలుగురు మగవాళ్ళు మోకాళ్ళ దాకా బురదతో కూలబడి ఉన్నారు. ఒక ముసలామె దుప్పటి మీద వాన పడకుండా వెడల్పాటి అడ్డాకులు పట్టుకుని వంగి నిలబడి ఉంది. బండి చూడగానే వాళ్ళలో ఒకతను లేచి రెండు చేతులూ ఊపాడు. అతనే గాసి. సిస్టర్ గారు నన్ను పంపించారనుకున్నాడు.

"వొచ్చీసినావా బావూ! బేగి, బేగి..."

గాసి పెళ్ళాన్ని బండిలో మంచం మీద పడుకోబెట్టాం. ముసలామె, గాసి తల్లి, పక్కన కూర్చుంది. అరకు ఆసుపత్రి దాకా పద్నాలుగు కిలోమీటర్లు. ఆ పద్నాలుగు కిలోమీటర్లలో క్లచ్ గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. యాక్సిలరేటర్ నేలకి తొక్కి నడిపాను. వెనక నుంచి ముసలామె గొంతు వినిపిస్తూనే ఉంది. "సోనాయి... ఓ సోనాయి... మాటాడవే గుంటా..."

అప్పుడు తెలిసింది పేరు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చేయగలిగింది చేసింది. బిడ్డ అప్పటికే పోయింది. సోనాయి మూడు గంటలకి పోయింది. రక్తం చాలా పోయిందని, రెండు గంటల ముందు తెచ్చి ఉంటే అని డాక్టరమ్మ మొదలుపెట్టి, గాసి ముఖం చూసి ఆపేసింది.

పైకి

మర్నాడు శవాన్ని పైకి చేర్చాలి. సిస్టర్ గారు అడగలేదు. నేనే బండి తెచ్చి ఆసుపత్రి ముందు నిలబెట్టాను. సింహాద్రి వచ్చాడు కానీ తాళానికి చెయ్యి చాచలేదు. నా పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక తల్లీ బిడ్డా ఒకే దుప్పటిలో. గాసి, ముసలామె, ఇంకో ఇద్దరు.

క్లచ్ వేశాక అప్పటికి మూడు వందల అరవై కిలోమీటర్లు. జంక్షన్ దగ్గర కుడికి తిప్పి మట్టిదారి ఎక్కించాను. రాత్రంతా కురిసిన వానకి దారి పేడలా ఉంది. మొదటి మలుపు దగ్గర బండి ఆగితే బాగుండునని అనుకున్నాను. చెబితే ఎవరూ నమ్మరు. ఆగాలని, జారాలని, కాలిన వాసన రావాలని దేవుణ్ణి వేడుకున్నాను. నేను అన్నది నిజమవ్వాలి. నిజమైతే ఇంక బతకొచ్చు.

బండి ఎక్కింది. తొమ్మిది కిలోమీటర్లూ ఎక్కింది. ఒక్కచోట కూడా జారలేదు. రాళ్ళ మీద రెండుసార్లు పూర్తిగా ఆపి మళ్ళీ కదిలించాల్సి వచ్చింది, అప్పుడూ పట్టింది. పైన గూడెంలో ఆపి దిగి, కిందికి వంగి వాసన చూశాను. తడిమట్టి వాసన తప్ప ఏమీ లేదు. యాభై నిమిషాలు పట్టింది ఎక్కడానికి.

శవాన్ని దించుకున్నాక గాసి నా దగ్గరికి వచ్చాడు. బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"బాగా ఎక్కీసినాది బావూ," అన్నాడు. "మంచి బండి."

అందులో వెటకారం లేదు. చూసింది చూసినట్టు అన్నాడు.

దిగేటప్పుడు సగం దారిలో సింహాద్రి నోరు విప్పాడు. "నాను అడక్కుండా పట్టుకుపోవలసింది మావా. తాళం నీ జేబులో ఉండిపోనాది." తరవాత చాలా ఏళ్ళు అదే బండి నడిపాడు, అదే షెడ్డుకి తెచ్చాడు, పని ఏదో అది చెప్పాడు. మావా అనడం మాత్రం మానేశాడు.

సిస్టర్ గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. బండి వెళ్ళేదని, నాకు అప్పుడే తెలుసని. "నేను ఇంకోసారి అడగాల్సింది," అన్నారు. "ఒక్కసారే అడిగాను." నన్ను తిడతారని వెళ్ళాను. ఆవిడ తన వంతు తను ఎత్తుకున్నారు. దాంతో నా వంతు ఏమీ తగ్గలేదు. ఆ మరుసటి ఏడాది ఆవిడని వేరే చోటికి పంపించారు. వైద్యశాల ఇంకో అయిదేళ్ళు నడిచి మూతపడింది.

ఏం నేర్పాలి

ఆ క్లచ్ ఆరేళ్ళు పనిచేసింది. ఆ బండికి చివరిసారి గేర్ బాక్సు దింపినప్పుడు ప్లేటు బయటికి తీసి చూశాను. ముఖం అంతా సమంగా, బూడిదరంగులో, ఒక్క మెరుపుమచ్చ లేకుండా అరిగింది. ఏ ఉస్తాద్ చూసినా మెచ్చుకునే అరుగుడు. షెడ్డు వెనక పాత ఇనుములో పడేసి వచ్చాను.

మీరు అడుగుతారు, అయితే నియమం తప్పా అని. రమణని అడిగితే తప్పు కాదంటాడు. ఇప్పటికీ కర్ర కాలితో అరకు బజారులో టీకొట్టు నడుపుతున్నాడు. తాళం ఇచ్చి ఒక మనిషిని కుంటివాణ్ణి చేశాను. ఇవ్వక ఇద్దర్ని చంపాను. ఈ రెండింటి మధ్య మీకు దారి చూపించే తెలివి నాకు లేదు. ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాడు ఏదో ఒకటి తేల్చి చెబుతాడని వచ్చేవాళ్ళకి అందుకే టీ ఇచ్చి పంపించేస్తాను. చేతులు కడుక్కోమని చెప్పగలను, బోల్టులు ఎదురెదురుగా బిగించమని చెప్పగలను. ఎదుటివాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పండి, మీకు ఇష్టమైనదానికి కాదు అని కూడా చెప్పొచ్చు. కానీ ఆ పొద్దున్న నాకు ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే వినేవాణ్ణా? నాకు నమ్మకం లేదు.

షెడ్డు మూసేసిన నెలలో ఒకరోజు పనసగుమ్మి వెళ్ళాను. అప్పటికి జంక్షన్ నుంచి సగం దూరం సిమెంటు రోడ్డు పడింది. మిగతా సగం నడిచాను. ప్రతి మలుపులో దగ్గు కోసం ఆగాను. గాసికి నిజం చెప్పాలని వెళ్ళాను. గాసి లేడు. మూడేళ్ళ కిందట చెన్నై వైపు బిల్డింగు పనికి వెళ్ళిపోయాడట, ఎప్పుడో గాని ఫోన్ చేయడట. అతని తల్లి ఒక్కతే ఉంది. డోలీ మీద అడ్డాకులు పట్టుకుని నిలబడ్డ ముసలామె. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు.

"ఎవులు నువ్వు? ఏటి పని మీదొచ్చినావు?" అని అడిగింది.

"మెకానిక్కునమ్మా. దానియేలు. అరకు నుంచి... సోనాయిని తీసుకొచ్చిన బండి..."

మాట పూర్తి కాకముందే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మా గుంటని పైకి తెచ్చినోడివి నువ్వేనా నాయినా! ఆ వోనలో, ఆ బురదలో. ఎవులూ రానన్నారు, నువ్వు రాబట్టే గదా దాన్ని మన మట్టిలో పెట్టుకున్నాం. కూకో, కూకో."

నన్ను గడపలో కూర్చోబెట్టింది. లోపలికి తడుముకుంటూ వెళ్ళి గిన్నె నిండా చోడి అంబలి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఎదురుగా కూర్చుని, నేను తాగుతున్న చప్పుడు వింటూ ఉంది. "తాగు నాయినా, ఇంకా ఉన్నాది," అంది.

చెప్పడానికే అంత దూరం నడిచి వెళ్ళాను. నోటిలో మాట సిద్ధంగా ఉంది. అంబలి తాగాను. గిన్నె కడిగి ఇచ్చాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి నిమిరింది.

చెప్పకుండానే కొండ దిగాను.